రెండో కుర్చీ

ఆదివారం పొద్దున్న పెద్ద టీచరు కాఫీ కప్పుతో ముందుగదిలోకి వచ్చేసరికి భర్త నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక నల్లటి పెట్టె విప్పుతున్నాడు. పెట్టెలో మెత్తటి ముఖమల్ గుడ్డ, దాని మీద చుట్టలు చుట్టుకున్న ఒక వైరు. మామూలు వైరు కాదు, మొక్కలకి నీళ్లు పెట్టే గొట్టమంత లావుంది.

ఏమిటది అని అడిగితే స్పీకర్ కేబుల్ అన్నాడు. ఎంతయింది అని అడిగితే కాఫీ భలే కుదిరిందన్నాడు. కప్పింకా ఆవిడ చేతిలోనే ఉంది. విషయం అక్కడే అర్థమైపోయింది ఆవిడకి. అట్టముక్క కింద నక్కిన బిల్లు లాగి చూస్తే కొత్త ఫ్రిజ్ ధర. వంటింట్లో ఉన్న ఫ్రిజ్ తలుపేమో తాడు కట్టకపోతే మూసుకోదు.

స్కూల్లోనే కాదు, వీధిలో కూడా ఆవిడ పెద్ద టీచరే. బోర్డు వైపు తిరిగి రాస్తూనే వెనక బెంచీలో గుసగుసలాడేదెవరో పేరు పెట్టి చెప్పగలదు. ఆయన జీవితమంతా ప్రింటింగ్ ప్రెస్సులో, ఆ మిషన్ల హోరులో ఫోర్‌మన్‌గా పనిచేసి పోయినేడాది రిటైరయ్యాడు. అవగానే ఎప్పటినుంచో మనసులో దాచుకున్న ముచ్చట తీర్చుకున్నాడు. ముందుగదిలో యాంప్లిఫయరు, ఆ మూలొకటి ఈ మూలొకటి స్పీకర్లు, వాటికెదురుగా రెండు కుర్చీలు. కుర్చీలు జరిగిపోకుండా కాళ్ల చుట్టూ నేల మీద టేపు కూడా అంటించాడు. ఒకదాంట్లో ఆయన కూర్చుంటాడు. రెండోదాంట్లో ఇస్త్రీ బట్టలుంటాయి. పాట మొదలవగానే ఆవిడ వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. ఏడాదిగా ఇదే వరస.

"వైరు వైరేనండీ. కరెంటు పోతుందా లేదా అన్నదే లెక్క," అందావిడ. "నా చార్జరు చూడండి. ఈ సెట్టు కొన్న వారమే ఫుట్‌పాత్ మీద బేరమాడి తెచ్చాను. ఫోను నిండడం లేదూ?"

"చార్జరుకీ దీనికీ పోలికేమిటి టీచరమ్మా? దీంతో వింటే పాడేవాళ్లు ఈ గదిలో కూర్చుని పాడినట్టుంటుందట."

"ఎవరన్నారు? అమ్మినవాడేనా?"

కూతురు నవ్వాపుకోలేక పేపరు అడ్డం పెట్టుకుంది. సెలవులకి వచ్చింది ఆ పిల్ల, కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. మాటలతో తేలే వ్యవహారం కాదని తనే మధ్యవర్తిగా దిగింది. నాన్న అటు తిరిగి కూర్చోవాలి, తను స్పీకర్ల వెనక వైర్లు మారుస్తుంది, ఏది కొత్తదో ఆయన చెప్పాలి. పోటీకి పాత ఇస్త్రీపెట్టె వైరు కోసి తెచ్చింది.

పెద్ద టీచరు షరతు పెట్టింది. ఆయన సరిగ్గా చెబితే ఫ్రిజ్ మాట మళ్లీ ఎత్తదు. తప్పితే కేబుల్ వెనక్కి వెళ్లాలి, సెట్టు మొత్తం మేడమీది గదిలోకి పోవాలి. ఆయన మొహంలో రంగు మారింది. మేడ మీదికి పోతే తనొక్కడే కూర్చుని వినాలి. అయినా సరేనన్నాడు.

మొదటి పాట అయింది. ఆయన కళ్లు మూసుకుని తలాడించి, ఇది పాత వైరే, మూటగట్టినట్టుంది అన్నాడు. రెండోసారి అదే పాట వేస్తే ఆయన మొహం విప్పారింది. అదిగో, ఇదీ తేడా, ప్రతి అక్షరం విడివిడిగా వినిపిస్తోంది, ఇది కొత్తదే అన్నాడు.

కూతురు స్పీకరు వెనకనుంచి తల బయటపెట్టింది. "నాన్నా, నేనసలు మార్చనే లేదు. రెండుసార్లూ ఇస్త్రీపెట్టె వైరే."

పెద్ద టీచరు నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆయన కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. మొహం చిన్నబోయింది. గెలిచిన ఊపులో ఆవిడ ఇంకో మాటన్నది.

"పోనీ ఆ కొత్తది పెట్టినా ఈ ఈల పోతుందా ఏమన్నా? చెవుల్లో సూది పెట్టి కెలికినట్టుంటుంది. ఎలా భరిస్తారో మీరు."

"ఏ ఈల?" అన్నాడాయన.

వేళాకోళమనుకుంది ఆవిడ. పాట ఆగిపోయినా స్పీకర్లలోంచి సన్నగా, తెగకుండా ఆ కూత వస్తూనే ఉంది. కూతురి వైపు చూసింది. వినిపిస్తోందన్నట్టు కూతురు తలూపింది. ఆయన లేచి వెళ్లి స్పీకరుకి చెవి ఆనించాడు, తర్వాత రెండో చెవి. అలాగే వంగి నిలబడి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఆయనకేమీ వినిపించడం లేదు.

పెద్ద టీచరు నవ్వు ఆగిపోయింది.

"నువ్వు లేచి వెళ్లిపోయేది దీనికా?" అన్నాడాయన మెల్లగా.

"మరి దేనికనుకున్నారు?"

"నా పాటలు నీకు పడవేమో అనుకున్నాను. పాటలు మార్చి చూశాను, అయినా లేచిపోయేదానివి. సౌండు బాగోలేదేమో, ఇంకాస్త మంచి కేబుల్ వేస్తే కూర్చుంటావేమో అని..." ఆయన ఆ నల్లపెట్టె వైపు చూశాడు.

ఊళ్లో పిల్లలందరికీ తప్పులు చూపించి దిద్దే మనిషి, పక్కనున్నాయనకి ఈ ఒక్క ముక్క చెప్పలేదు. ఆయనకీ వినిపిస్తూనే ఉందనుకుంది, మోజులో పడి పట్టించుకోవడం లేదనుకుంది. ఆయనేమో ఖాళీ కుర్చీకి టేపు అంటించుకుని ఏడాదిగా ఎదురుచూస్తున్నాడు.

ఈలోగా కూతురు స్విచ్‌బోర్డు దగ్గర వంగి ఒక్కొక్క ప్లగ్గే లాగి చూస్తోంది. టేబుల్ లైటు తీసింది, ఈల ఆగలేదు. ఫోను చార్జరు పీకింది. గది ఒక్కసారిగా తేటపడింది.

"అమ్మా, నీ బేరం చార్జరే," అంది.

భర్తకి ఆ ఈల ముందూ తెలియదు, ఇప్పుడు ఆగిందనీ తెలియదు. ఆయన భార్య మొహంలోకే చూస్తున్నాడు. ఆవిడ నొసటి మీది ముడత విడిపోవడం చూసి, "ఆగిందా?" అని అడిగాడు.

ఆగిందన్నట్టు ఆవిడ తలూపింది.

కేబుల్ రేపే వెనక్కి వెళ్తుందని ఆవిడ తీర్పు చెప్పింది. ఫ్రిజ్ ఇంకొన్నాళ్లు తాడుతో లాక్కొస్తుందని, ముందు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నామని, చెవికి మిషన్ పెట్టమంటే మంచిదే కొంటామని, అందులో బేరమాడనని కూడా చెప్పింది. అన్నిటికీ ఆయన సరేనన్నాడు. మరి సెట్టు మేడ మీదికి ఎప్పుడు ఎక్కించాలి అని మాత్రం అడిగాడు.

ఆవిడ రెండో కుర్చీ మీది బట్టలు చేతుల నిండా ఎత్తి కూతురికి అందించింది. టేపు గుర్తుల్లోంచి కుర్చీ జరగకుండా జాగ్రత్తగా కూర్చుంది.

"అదే పాట మళ్లీ పెట్టండి. నేనింకా విననేలేదు."

పాట మొదలైంది, ఇస్త్రీపెట్టె వైరుతోనే. ఆవిడ చివరిదాకా కదలలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. పాటయ్యాక ఎలా ఉందని ఆయన భయం భయంగా అడిగాడు.

"గదిలో కూర్చుని పాడినట్టే ఉంది," అని ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది.