ముత్తమ్మ గోడ మీద ముప్పై ఎనిమిది చుక్కలు

"రాత్రి కూటికి మీ కణక్కులో ఎంత రాసుకోనుండారు సామీ?"

గరిట ఆపి అమరావతి అడిగిన ఈ ప్రశ్నకు జయరాములుకు పొలమారింది. బయట వాన. పూటకూళ్ల ముత్తమ్మ భజనకు పోయింది. వడ్డన కూతురిది.

"పెట్టి పుట్టినోళ్లకు బడ్జెట్ ఏం తెలుస్తాది?" అన్నాడు నీళ్లు తాగి, లేని మీసం దువ్వుకుంటూ. "నెలకు పది రూపాయల స్కాలర్‌షిప్పు. అన్నీ అందులోనే నడవాల. నా లెక్కలో కాలణా తప్పు పోదు."

"లెక్క బాగానే ఉండాది. బుగ్గలే లోపలికి పోతా ఉండాయి."

గుడియాత్తం నేతపనివాడి కొడుకు జయరాములు వేలూరు కాలేజీలో చదివేది ఆ స్కాలర్‌షిప్పు మీదే. అది నిలవాలంటే పరీక్ష రాయాలి. రాయాలంటే పన్నెండు రూపాయల ఫీజు కట్టాలి. దానికి అతను కనిపెట్టిన ఉపాయం రాత్రి భోజనం ఎగ్గొట్టడం. ఎగ్గొట్టి, మిగిలిన అణాలు తొమ్మిది నెలలుగా కూడబెడుతున్నాడు.

ముత్తమ్మ పూటకూళ్ల ఇంట్లో పూటకు అణా. ఎవరు తిన్నా గోడ మీద వారి వరుసలో అమరావతి బొగ్గుతో చుక్క పెట్టేది. నెలాఖరున ఎన్ని చుక్కలో అన్ని అణాలు. అక్కడ తినే కాలేజీ పిల్లలందరూ ముత్తమ్మను పిన్నమ్మా అనేవారు. జయరాములు ఒక్కడే అత్తా అనేవాడు.

దీపావళి వచ్చిందని ముత్తమ్మ ముచ్చటపడి నెలాఖరునాడే ఇల్లంతా సున్నం కొట్టించింది. లెక్కకు కూర్చుంటే గోడ పాలలా ఉంది, ఒక్క చుక్క లేదు.

"నా బుద్ధి కాలిపోను! సరి, అందురూ నెలంతా తిన్నట్టే. అరవై పూటలు. మూడు రూపాయల పన్నెండణాలు తీయండి" అని తీర్పు చెప్పింది.

తక్కినవాళ్లు సణుగుతూనే ఇచ్చి వెళ్లారు. జయరాములు మాత్రం డబ్బు తీయలేదు. ఫీజు గడువు రేపే. ఫీజు డబ్బు పక్కన పెడితే చేతిలో ఉన్నది రెండు రూపాయల ఆరణాలు. ఆ పైన ఇస్తే ఫీజుకు తక్కువ, పరీక్ష లేదు, చదువూ లేదు.

అయినా గొంతు తగ్గించలేదు. "అత్తా, నేను తినింది ముప్పై ఎనిమిది పూటలే."

"సాక్షి ఎవురు నాయనా? నీ మాట ఒప్పుకుంటే రేపు అందురూ ఇదే పాట పాడతారు."

"నేనుండాను సాక్షి" అంది తలుపు చాటు నుంచి అమరావతి. "పగలు ముప్పై, రాత్రి ఎనిమిది."

"ఓహో. నాగలింగం ఎన్ని పూటలు తినె?"

"తెలీదు."

"చెంగల్రాయలు?"

"తెలీదమ్మా."

"మరి ఈయనవి మాత్రం?"

అమరావతి ముఖం ఎర్రబడింది. "ఎదురు చూస్తే గుర్తుండదా? ఆ ఎనిమిదీ సోమవారం, శుక్రవారం రాత్రులే" అనేసి నాలుక కరుచుకుంది.

ముత్తమ్మ వేళ్లు మడిచింది. "సోమవారం, శుక్రవారం... నేను భజనకు పోయే దినాలు గదా! ఆ రెండు రాత్రులూ వడ్డించేది నువ్వే గదే!"

జయరాములు లేచి నిలబడ్డాడు. దాచి లాభం లేదని తెలిసిపోయింది, దాచాలనీ లేదు. "అవునత్తా. కడుపు కట్టుకోగలిగినాను గానీ, అమరావతిని చూడకుండా ఉండలేకపోయినాను. ఆ ఎనిమిదణాలే నా బడ్జెట్‌లో మొదట రాసుకొన్న ఖర్చు."

తలుపు చాటున గాజులు గలగలమన్నాయి.

ముత్తమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. రెండు రూపాయల ఆరణాలు ఎంచుకొని కొంగున ముడేసింది.

"అందురూ పిన్నమ్మా అంటా ఉంటే నువ్వొక్కడివే అత్తా అంటా ఉంటివే, నాకు తెలివి ఇప్పుడొచ్చె. పోయి ఫీజు కట్టు. పాసయినాక మీయమ్మను గుడియాత్తం నుంచి పిలుచుకొని రా. అంతదాకా ఒక్క రాత్రి ఎగ్గొట్టినావో, ఊరుకోను."

"అణాలు చాలవు అత్తా..."

"కాబోయే అల్లుడికి కూడు పెట్టి అణా అడిగే అత్త యాడన్నా ఉండాదా? కూర్చో." ముత్తమ్మ ఆకు వేసి, గరిట అందుకున్న కూతురి చేతిలోంచి దాన్ని లాక్కుంది. "ఈ పొద్దు బుధవారం. వడ్డించేది నేను!"