శుక్రవారానికి మచ్చికైన కూన

కెన్యా తీరాన మా లాము దీవిలో నాకు లొంగని పిల్లి లేదు. గొప్పలు కాదు, చేపల రేవులో ఒక్క పూటలో నలభై గండుపిల్లుల్ని బోనుల్లో పట్టి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనుకి పంపినవాణ్ణి. నలభై ఒకటోది నన్ను చూసి తనంతట తనే బోనులోకి నడిచింది. షెకువే ముసలాడంటే అదీ!

అలాంటి నన్ను గుప్పెడంత బూడిదరంగు కూన ఓడించింది. వీధిపిల్లుల ఆసుపత్రి వెనకగదిలో చెక్కపెట్టె కింద దూరి పది రోజులుగా బుసకొడుతోంది. దానికి ఎనిమిది వారాలు నిండుతున్నాయి. ఆ వయసు దాటితే ఇక మనిషికి మచ్చికవడం కష్టం. శుక్రవారంలోగా దారికొస్తే పక్కనున్న పాతే దీవి బడిపంతులుగారి ఏడేళ్ల కూతురు నైలా పెంచుకుంటుంది. రాకపోతే మళ్లీ రేవుకే. దీని తోబుట్టువులు మూడూ ఆ రేవులోనే చచ్చిపోయాయి.

"తాతా, నలభై గండుపిల్లులేమో గానీ, ఇది నిన్ను పూచికపుల్లలా తీసిపారేస్తోందే!" అంది అమ్రియా, నాతోపాటు ఉచితంగా పనిచేసే పిల్ల.

"నోర్మూసుకుని చేపముద్ద పట్రా. నేను మాట్లాడితే సముద్రమే వెనక్కి తగ్గుతుంది."

గురువారం, మధ్యాహ్నపు నమాజు అయ్యాక ఊరంతా కునుకు తీసే వేళ. ఆ పగడపురాయి గదికి కిటికీ లేదు. తలుపు మూస్తే చీకటే, సందులోంచి ఒక్క వెలుగు గీత తప్ప. చేప వాసన, పిల్లి ఉచ్చ కంపు, చెమ్మగిల్లిన సున్నం వాసన. చాపమీద కూర్చుని, కూన కళ్లలోకి చూడకుండా, వేలికి చేపముద్ద రాసుకుని ఏదో ఒకటి గొణుగుతున్నాను, మనిషి గొంతు దానికి అలవాటవ్వాలని. నా ఎదుట అమ్రియా చాప ఖాళీగా ఉంది.

తలుపవతల ఎవరో మెల్లగా, "హోడీ..." అన్నారు.

మా ఊళ్లో గడప దగ్గర హోడీ అంటే, లోపలివాళ్లు కరీబూ, రండి, అనాలి. ఆ మాట వినందే ఎవరూ లోపల అడుగుపెట్టరు. డెబ్బై ఏళ్ల అలవాటు. ఎవరని కూడా అడగలేదు.

"కరీబూ," అన్నాను.

తలుపు తెరుచుకోలేదు. వెలుగు గీత మాత్రం ఒక్క క్షణం తెగి, మళ్లీ అతుక్కుంది.

బుస ఆగింది.

కూన బయటికొచ్చింది. తోక నిటారుగా. గుర్రుగుర్రుమంటోంది. నా వైపు కాదు... ఎదుటి చాప వైపు. ముందుకాళ్లతో ఏదో మెత్తటిదాన్ని పిసికింది... ఇంకో అడుగు పైకి ఎక్కింది... ముడుచుకుని కూర్చుంది. చాపకి జానెడు ఎత్తున... గాల్లో.

దాని వీపుమీద బొచ్చు మెడ నుంచి తోకదాకా మెల్లగా అణిగింది. లేచింది. మళ్లీ అణిగింది...

చేపముద్ద రాసుకున్న వేలు అలాగే చాచి చూస్తూ కూర్చున్నాను.

ఎంతసేపో. తలుపు తోసుకుని అమ్రియా వచ్చింది. కూన చాపమీద మామూలుగా పడుకుని ఉంది. ఎత్తుకుంటే చంటిపిల్లలా ఒదిగిపోయింది.

"ఓరి నాయనో! ఏం మంత్రమేశావ్ తాతా?"

"ఇందాక... ఎవరైనా వచ్చారా?" గుసగుసగా అడిగాను.

"ఎవరొస్తారు? గంట నుంచి గడపమీదే కూర్చున్నా."

అప్పుడే చెప్పాల్సింది. చెబితే కూన రేవుపాలు. మచ్చిక చేసింది నేను కాదనీ ఒప్పుకోవాలి. సాయంత్రానికి ఊరంతా నా పేరే. మీసం దువ్వాను.

శుక్రవారం నైలా వచ్చి కూన ఉన్న బుట్టని గుండెకి హత్తుకుంది. "ఇది నా పక్కలోనే పడుకుంటుంది కదూ, తాతా?"

"పడుకుంటుంది తల్లీ," అన్నాను. పిల్ల కళ్లలోకి చూడలేదు.

సాగనంపడానికి రేవుగట్టు దాకా వెళ్లాను. పడవలో తండ్రీకూతుళ్లు, ఇంజను దగ్గర సరంగు, అంతే. నైలా నడిమి బల్లమీద ఎడమవైపు కూర్చుంది. పడవ కుడివైపుకి ఒరిగింది.

"పంతులుగారూ, మీవాళ్లని సర్దుకోమనండి! బరువంతా అటే పడుతోంది," విసుక్కున్నాడు సరంగు.

"మావాళ్లెవరయ్యా? మేమిద్దరమేగా!"

పడవ కదిలింది. ఒరిగినట్టే పోతోంది. నైలా కాస్త జరిగి చోటు చేసింది. ఖాళీ బల్లకేసి తిరిగి, నవ్వుతూ అంటోంది...

"అంత అంచున కూర్చోకు. తడుస్తావ్."