గంజి వండని దినాలు

తెల్లవారగానే బూడిద డబ్బా పట్టుకుని పెరట్లోకి వచ్చిన నీలవేణి, తడికల చాటున ఉన్న స్నానాల బండ దగ్గర ఆగింది. మళ్లీ చీమలు. బండ మీద నుంచి గోడ మూల దాకా ఎర్ర దారం పరిచినట్టు బారు కట్టాయి. గద్వాలలో మగ్గమున్న ఇంటికి చీమలు కొత్తేం కాదు. పడుగుకు పెట్టే గంజి కుండలు కడిగేది ఆ బండ మీదే. కాపురానికొచ్చిన మూడేళ్లుగా ఆమె కూడా గంజికే వస్తున్నాయనుకుని బూడిద చల్లి ఊరుకునేది.

లోపల అత్త జోగమ్మ అప్పటికే గుంట మగ్గంలోకి కాళ్లు దించి కూర్చుంది. సావుకారు దగ్గర్నుంచి నూలు రాక మగ్గం ఖాళీగా ఉంది. అయినా ఆమె చోటు అదే. పాత కండెల మీది దారం చిక్కు తీస్తూ పొద్దంతా అక్కడే కూర్చునేది. గుంటలో ఉంటే ఎడమ కాలు ఎవరికీ కనిపించదు. ఇరవై ఏళ్ల కిందట బోదకాలు వచ్చింది మొదలు, చీర చూడవచ్చినవాళ్లు ఆమె చేతులనే చూశారు.

నీలవేణి కూతురు, ఏడాదిన్నర రేణుక, తప్పటడుగులు వేసుకుంటూ గుంట అంచుదాకా వెళ్లి, లోపలికి జారి, నాయనమ్మ లావుపాటి కాలిమీద గుర్రమెక్కినట్టు కూర్చుంది. జోగమ్మ నవ్వింది. ఆ నవ్వు వినపడగానే నీలవేణి పరుగెత్తుకొచ్చి పిల్లను లాక్కుని బండ దగ్గరికి తీసుకుపోయింది. పిల్ల కోసమని వేరే దాచిన సబ్బు తీసి, చిన్న కాళ్లు కందిపోయేలా రుద్దింది. పిల్ల ఏడుస్తోంది. అయినా రుద్దడం ఆపలేదు.

పాదం చురుక్కుమంది. చీమ. అప్పుడు తట్టింది ఆమెకు. నూలు రాక తొమ్మిది రోజులు. ఈ తొమ్మిది రోజులూ గంజి వండనే లేదు. కుండలు కడగనే లేదు.

వడ్డేపల్లిలో ఆమె మేనమామ మూత్రానికి కూర్చున్న చోట ఇలాగే చీమలు పట్టేవి. చక్కెర బీమారి అని తెలిసేసరికి ఆయన కాలి వేళ్లు రెండు పోయాయి. అత్త చెంబుల కొద్దీ నీళ్లు తాగుతుంది. మాటిమాటికీ తడికల చాటుకు నడుస్తుంది. ఎడమ కాలి బొటనవేలి సందున పుండు లేచి రెండు నెలలైనా మానలేదు. నీరసమన్నా, తిమ్మిరన్నా, ఆకలన్నా, అందరూ అన్న మాట ఒకటే. ఆ కాలు. జోగమ్మ కూడా అదే అనేది. ఇంట్లో ఏ కష్టమొచ్చినా ఆ కాలి మీదికే తోసేశారు.

మధ్యాహ్నం భర్త సీతారాములు సావుకారు ఇంటి నుంచి ఉత్త చేతులతో వచ్చాడు. నీలవేణి చెప్పిందంతా విని, అమ్మకు ఎప్పుడూ ఉండేదే కదా అని తేల్చేశాడు. ఆమె ఊరుకోలేదు. నేరుగా గుంట దగ్గరికి పోయి కూర్చుంది.

"అత్తా, రేపు దవాఖానకు పోదాం."

"ఎందుకు? గీ కాలు ఇంకో నలుగురికి చూపెట్టనీకనా?"

"కాలు కోసం కాదు. బండకాడ చీమలు పడుతున్నయి."

"గంజికి వస్తయి."

"తొమ్మిది దినాల సంది గంజి ఏడ వండినం అత్తా?"

జోగమ్మ చేతిలో దారం ఆగింది. కండె పక్కన పెట్టి కోడలితో అంది.

"పిల్ల నా కాలు ముట్టిందని పొద్దున సబ్బు పెట్టి కడిగినవ్. ఇయ్యాల ఒక్కనాడే కాదు, ఎప్పుడూ అంతే. నాకు తెల్వదనుకున్నవా? ముట్టుకోనీకి రాని కాలును దవాఖానకెట్ల తోల్కపోతవ్?"

సీతారాములు భార్య వైపు తిరిగాడు. మట్టి అంటిందని చెప్పి తప్పించుకోవచ్చు. నీలవేణి తప్పించుకోలేదు.

"భయమైతది అత్తా. పిల్లకు అంటుతదేమోనని. ఏడో తరగతిల బడి మాన్పిచ్చిండ్రు, నాకేం తెలుసు? ఎవరినన్నా అడుగుదామంటే, ఏమనుకుంటరోనని సిగ్గు."

జోగమ్మ తిడుతుందనుకున్నారు. తిట్టలేదు.

"గీ కాలు వచ్చినప్పుడు నీ మొగనికి ఆరేండ్లు. జరమొచ్చి నేను వణుకుతుంటే, వాడు గీ కాలు మీదనే తలపెట్టి పండేటోడు. పో, వాని కాళ్లు చూడు."

సీతారాములు సిగ్గుపడి కాళ్లు ముడుచుకున్నాడు. మగ్గం తొక్కి తొక్కి సన్నగా గట్టిపడిన కాళ్లు. మూడేళ్లుగా చూస్తున్న కాళ్లే. వాటిని చూసి ఒక్కసారైనా ఆలోచించనందుకు నీలవేణికి తల వాలిపోయింది.

మర్నాడు ముగ్గురూ, చంకలో పిల్లతో, సర్కారు దవాఖానకు పోయారు. గాజు గొట్టంలో నీలం నీళ్లు పోసి, అందులో నాలుగు చుక్కల మూత్రం వేసి, మంట మీద పెట్టారు. నీలం ఆకుపచ్చగా తిరిగి, చివరికి ఇటుక రంగులో నిలిచింది. రంగులతోనే బతికిన జోగమ్మ కళ్లార్పకుండా చూసింది. ఇదేం రంగు అని ఆమె అడిగితే, చక్కెర రంగని చెప్పాడు డాక్టరు. బోదకాలు దోమ కాటుతో వచ్చేదే తప్ప ముట్టుకుంటే అంటేది కాదని, చక్కెర వేరే జబ్బని, దాన్ని అదుపులో పెట్టకపోతే పుండు మానదని, కాలికే ముప్పని విడమరచి చెప్పాడు. మాత్రలు రాశాడు. రోజూ సబ్బుతో కాలు కడిగి వేళ్ల సందులు తడి లేకుండా తుడవాలని, కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టాలని అన్నాడు. కానీ జోగమ్మకు వంగితే వేళ్లు అందవు.

ఇంటికి రాగానే నీలవేణి ఆమెను బండ మీద పీట వేసి కూర్చోబెట్టింది. దాచిన సబ్బు తెచ్చింది.

"అది పిల్ల సబ్బు."

"అవును అత్తా."

మూడేళ్లలో మొదటిసారి ఆమె చేతులు ఆ కాలిని తాకాయి. చర్మం గరుకుగా, మడతలు పడి, వెచ్చగా ఉంది. పుండు చుట్టూ మెల్లగా కడుగుతుంటే రేణుక వచ్చి తడి కాలి మీద ఎక్కి కూర్చుంది. జోగమ్మ చప్పున పిల్లను దించబోయింది. కోడలి ముందు పిల్లను దించడం అలవాటైన చెయ్యి.

"ఉండనీ అత్తా," అంది నీలవేణి. "ఇద్దరి కాళ్లు కలిపి కడుగుత."

జోగమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. చీమలు పట్టిన ఆ బండ మీద, నురగలో పెద్ద కాలు ఒకటి, చిన్న కాళ్లు రెండు.

ఆ సాయంత్రం జోగమ్మ గుంటలోకి దిగలేదు. వీధి అరుగు మీద, అందరూ చూస్తుండగా, దిండు మీద కాలు ఎత్తిపెట్టి కూర్చుంది.