టిక్కుమన్న తుపాకీ

బంటుమిల్లి దాటి సముద్రం వైపు వెళ్తుంటే, రొయ్యల చెరువుల మధ్య, గట్టు చివర ఒక మోటారు షెడ్డు ఉంటుంది. చీకటి పడితే ఆ గట్టెక్కేవాడు లేడు. లోపల ఏదో మూలుగుతుందని... కాపలా కాసే వెంకటస్వామి తుపాకీ పేల్చబోతే దెయ్యం గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టిందని, అందుకే అది అతని మొహం మీదే పగిలి ప్రాణం తీసిందని — చుట్టుపక్కలంతా చెప్పుకునేవాళ్లు.

ఆ మాట మొదట అన్నది చెరువుల యజమాని ధనుంజయరావు గారు.

ఆయన మేనల్లుడు హరీష్ నా స్నేహితుడు. కిందటేడు చెరువులు చూసుకోవడానికి వెళ్లి, మావయ్య ఇంట్లోనే తింటూ ఉన్నాడు. నీటికాకులు రొయ్యల్ని బతకనివ్వడం లేదంటే, ఆయన పగిలినదాని బదులు కొన్న తుపాకీ, ఒక గుడ్డసంచీలో తూటాలు ఇచ్చారు.

"గాల్లోకి కాల్చు, బెదిరిపోతాయి. షెడ్డు వైపు మాత్రం వెళ్లకు."

ఓ రోజు పొద్దుగూకగానే కరెంటు పోయింది. చెరువులో ఏరేటర్లు ఆగిపోయాయి. గాలి అందకపోతే రొయ్యలన్నీ చచ్చి తేలతాయి. జనరేటరేమో ఆ షెడ్డులో ఉంది.

తుపాకీ, తూటాల సంచీ పట్టుకుని బయల్దేరాడు. చెరువు బురద కంపు... పక్కన ఎక్కడో కప్పలు. షెడ్డు దగ్గర పడేసరికి కప్పలు కూడా ఊరుకున్నాయి.

లోపల మూలుగు.

సన్నగా... ఆగి ఆగి... మనిషి నోరు నొక్కుకుని ఏడ్చినట్టు.

హరీష్ సంచీలో చెయ్యి పెట్టి, దొరికిన తూటా గొట్టంలోకి తోసి, పైకెత్తి ట్రిగ్గర్ నొక్కాడు.

టిక్.

అంతే! తుపాకీ మడిచి తడిమితే తూటా పెట్టే చోటు ఖాళీ. కంగారులో పెట్టలేదేమో అనుకున్నాడు. ఇంకో తూటా తీసి పెట్టాడు... మూశాడు... వేలు బిగించాడు —

"కాల్చమాకు బాబూ!"

తలుపు సందులోంచి ఒక ఆడమనిషి.

"టిక్కుమంది కదా... ఇందాక టిక్కుమంది కదా? కాల్చమాకు, నీ కాళ్లు పట్టుకుంటా!"

ఆమె వెంకటస్వామి భార్య బుల్లెమ్మ. పగలు వస్తే యజమాని తరిమేస్తున్నాడని, అమావాస్యకి చీకటి పడ్డాక వచ్చి, మొగుడు పడిపోయిన చోట ఇంత అన్నం పెట్టి ఏడ్చి వెళ్తుంది. ఇన్నాళ్లూ జనం విన్న దెయ్యం ఆమే.

"ఆసుపత్రిలో మా ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే బాబూ. టిక్కుమందే, ఖాళీ అనుకుని ఇంకోటి పెట్టానే అన్నాడు. మీ మావయ్యగారికి చెప్తే నోరు ముయ్యమన్నారు."

హరీష్ తూటా బయటికి తీసి, ఫోన్ లైటు గొట్టంలోకి వేశాడు. వెలుగు అవతలికి రాలేదు. లోపల ఏదో అడ్డం ఉంది. కొనవైపు నుంచి సన్నటి కర్ర పెట్టి మెల్లిగా తోస్తే, ఒక పసుపురంగు తూటా జారి అరచేతిలో పడింది. రెండోదాని కంటే సన్నం. వేరే తుపాకీది. మొదట పెట్టింది అదే. సన్నంగా ఉండబట్టి లోపలికి జారి, గొట్టం మధ్యలో ఇరుక్కుపోయింది. దాని వెనక రెండోది పేలి ఉంటే... గొట్టం తన చేతుల్లోనే చీలిపోయేది.

జనరేటర్ వేశాడు. తుపాకీ, సంచీ తీసుకుని బుల్లెమ్మతో పాటు తిన్నగా మావయ్య ఇంటికెళ్లాడు. ఆయన భోజనం చేస్తున్నారు.

"మావయ్యా, గొట్టంలో తూటా ఇరుక్కుంది. కాస్తలో చచ్చేవాణ్ణి."

ఆయన తలెత్తలేదు. పెరుగు కలుపుకుంటూనే —

"మళ్లీ పసుపుదేనా?" అన్నారు.

రంగు సంగతి హరీష్ ఇంకా చెప్పలేదు.

గుమ్మం బయట నిలబడి బుల్లెమ్మ వింటోంది.

"అప్పుడు పగిలిన గొట్టంలోంచి నేనే తీసి చెరువులో పడేశాన్రా. మిగతావి ఏరి వేరే పెట్టడం కుదర్లేదు. రెండు రకాలూ ఒకే సంచీలో ఉంచానని తెలిస్తే లైసెన్సు పోదూ?" అని, వేళ్లు నాక్కుంటూ, "దెయ్యం అంటే ఎవడూ అడగడు" అన్నారు.

ఏడాదిగా ఆ ఇంట్లో తిన్న తిండంతా ఒక్కసారిగా గొంతులోకొచ్చింది హరీష్‌కి. అరుగు మీదకి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు. నోరు కూడా కడుక్కోకుండా, ఆ తుపాకీ, ఆ సంచీతో బుల్లెమ్మని బండెక్కించుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లాడు.