గేట్-7 ఎక్కడుంది?

ఉదయం తొమ్మిదింటికి బస్టాపులో డ్యామ్ నెట్‌వర్క్ ఇంజనీరు కుప్పకూలాడు. మెడ మీద సూది గుర్తు. చేతిలోని ఫోన్‌లో సగంలో ఆగిన మెసేజ్: "కంట్రోల్ రూమ్ సిస్టమ్‌కి రెండో కనెక్షన్..."

పదిన్నరకల్లా ఏజెంట్ తూనీగ ఏసీ మెకానిక్ వేషంలో ఆ కంట్రోల్ రూమ్‌లో ఉన్నాడు. చెవిలో బాస్ గొంతు: "విదేశీ ముఠా పనే. పదకొండింటిలోగా ఏడో గేటు మూసుకోకపోతే దిగువ ఊళ్లు మునుగుతాయి."

"గేటు ఎప్పుడో మూసేశాంగా! పచ్చలైటు చూడండి," అన్నాడు షిఫ్ట్ ఇంజనీరు.

"మరి ఆ నీటి హోరేంటండీ?"

ఇంజనీరు కిటికీలోంచి తొంగిచూశాడు: గేటు బార్లా తెరిచే ఉంది.

తూనీగ బల్ల కిందికి దూరాడు. సిస్టమ్ వెనక డ్యామ్ నెట్‌వర్క్ కేబుల్. పక్కనే గోరంత డాంగిల్, బయటి నెట్‌వర్క్‌ది.

"ఇదెవరు పెట్టారు?"

"కన్సల్టెంట్ మేడమ్. అప్‌డేట్స్ కోసమట."

గుట్టు తెలిసిపోయింది. సిస్టమ్‌కి తెలిసింది 'గేట్-7' అన్న పేరే. దాని అడ్రస్ నంబరు రెండు దారుల్లోనూ అడుగుతుంది. ముందు పలికినవాడి మాటే వేదం. డాంగిల్ దారిలో ముఠా సర్వర్ ముందు పలికి, తన నంబరే ఇచ్చింది. ఆజ్ఞ దానికి చేరింది. దొంగ పచ్చలైటు వెలిగింది. అసలు గేటుకి కబురే లేదు!

డాంగిల్ పీకేశాడు. లాభం లేదు. లోపలి సర్వర్‌లో గేటు అడ్రసును ముఠా ముందే చెరిపేసింది. అసలు నంబరు కంఠతా తెలిసిన మనిషి పొద్దున్నే పోయాడు.

"చేతులు పైకి, తూనీగా!"

గుమ్మంలో కన్సల్టెంట్. హైహీల్స్, ఖరీదైన సెంటు, చేతిలో పిస్టల్. రెండు వైపులా పనిచేసే గూఢచారి 'నెమలి'. ఆమె ఫైలు తూనీగ చదివాడు.

"పొద్దున బస్టాపులో మీ అన్నయ్యకి చేతులెత్తే అవకాశం కూడా ఇవ్వలేదు నీవాళ్లు," అన్నాడు తూనీగ.

"ఏంటి వాగుతున్నావ్?"

అతను ఫోన్‌లో బస్టాపు ఫోటో చూపించాడు. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నయ్యని ఏమీ చెయ్యమని ఒట్టేశారు..."

10:59. ఆమె కళ్లు ఫోటో మీదే ఉన్నాయి. గురి మాత్రం తప్పలేదు.

"పది, నాలుగు, తొమ్మిది, ఇరవై ఏడు," అందామె. "నిద్రలో కూడా కలవరించేవాడు. కొట్టు!"

నిజమా? ఇంకో ఉచ్చా? తూనీగ పేరు చెరిపేసి నంబరు కొట్టాడు. ఎంటర్.

ఏమీ కాలేదు.

నేల సన్నగా అదిరింది. హోరు పలచబడింది, ఆగింది. గడియారంలో మూడు సెకన్లు మిగిలాయి.

ఆమె పిస్టల్ బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడింది. "పొద్దున టిఫిన్ కూడా తినకుండా వెళ్లాడు," అంటూ బావురుమంది. తూనీగ మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపాడు.

చెవిలో బాస్ గర్జించాడు. "ఆ నెమలి మాట ఎలా నమ్మావయ్యా?"

"నమ్మడానికి టైమెక్కడిది సార్? ఉన్నదంతా టైపింగ్‌కే సరిపోయింది."