వదిన నేర్పిన మాటలు

రాజాబాబు ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసి పడుకునేసరికి, రిసాలి కాలనీలోని ఆ ఇంటి ముందు గది ఆఫీసైపోయేది. కిటికీ పక్క బల్ల అతని చెల్లెలు కల్యాణిది. గోడ వైపు బల్ల అతని భార్య భాగ్యరేఖది. ఇద్దరూ పనిచేసేది ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీకి. ఆ రోజు పొద్దున్న కూడా తల్లి సత్యవాణి రెండు గ్లాసుల చాయ్ తెచ్చి ఇద్దరి బల్లల మీదా పెట్టింది.

"రాత్రి కూడా సరిగ్గా తినలేదు నువ్వు. ఆ కంపెనీ పెరగడమేటో గానీ, నువ్వు అరిగిపోతన్నావు," అంది కూతురితో.

కల్యాణి తల ఎత్తలేదు. ఆ రోజు ఏం జరగబోతోందో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

చిన్న చిన్న దుకాణాలకు బిల్లులు, సరుకుల లెక్కలు చూసిపెట్టే యాప్ వాళ్ళ కంపెనీది. కల్యాణి చేరినప్పుడు కంపెనీవాళ్ళంతా హైదరాబాదులో ఒక్క గదిలో సరిపోయేవాళ్ళు. ఎవరి పుట్టినరోజు ఎప్పుడో కూడా ఒకరిదొకరికి తెలిసేది. తర్వాత పెట్టుబడి వచ్చింది. అందరూ ఇళ్ళ నుంచే పని చేయడం మొదలైంది. ప్రతి సోమవారం తెర మీద కొత్త ముఖాలు. నిన్న కష్టపడి తయారుచేసింది ఇవాళ పనికిరాదనేవారు. ఆమె హోదా పేరు ఎన్నిసార్లు మారిందో, కొత్తది చెప్పబోతే తల్లి వద్దులే అనేది. అలసటగా ఉండేది. కానీ తను లేకపోతే ఆగిపోయే పని ఉందన్న మత్తు ఒకటి ఉండేది. దాని ముందు అలసట తెలిసేది కాదు.

వదినను ఆ ఉద్యోగంలో చేర్పించింది కల్యాణే. భాగ్యరేఖ నందిని అనే ఊళ్ళో గనుల కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల. హిందీ, తెలుగు, ఛత్తీస్‌గఢీ మూడూ గలగలా మాట్లాడుతుంది. బీకాం చదివి, పెళ్ళయ్యాక వంటింటికే పరిమితమైంది. యాప్ మొరాయిస్తే దుకాణదారులు కోపంగా ఫోన్ చేస్తారు. వాళ్ళకు సమాధానం చెప్పే జట్టులో ఆమె చేరింది. ఎంత తిట్టేవాడినైనా, "కంగారు పడకండి భయ్యా, ముందు కాసిన్ని మంచినీళ్ళు తాగండి, ఇద్దరం కలిసి చూద్దాం," అని దారికి తెచ్చేది. కొన్నాళ్ళకు ఆ దీదీకే ఫోన్ ఇవ్వండని అడిగేవాళ్ళు తయారయ్యారు. ఆమె నడకే మారిపోయింది.

ఆ తర్వాత కంపెనీ పెట్టిన అనిరుధ్ కొత్త పని అప్పగించాడు. ఫోన్లకు మనుషుల బదులు యంత్రమే జవాబు చెప్పాలి. ఆ బాధ్యత కల్యాణిది. మధ్యాహ్నాలు వదిన పక్కన కూర్చుని, ఇలా తిడితే ఏం చెప్తావు, అలా ఏడిస్తే ఏం చెప్తావు అని అడిగి రికార్డు చేసుకుంది. భాగ్యరేఖ సంబరంగా చెప్పింది. తన మాటలు కంపెనీకి పనికొస్తున్నాయని భర్తకు కూడా చెప్పుకుంది.

యంత్రం బాగా కుదిరింది. ఫోన్ల జట్టు మొత్తాన్నీ తీసేయాలని నిర్ణయమైంది. ఆ కాగితం మీద కల్యాణి సంతకం కూడా ఉంది. ప్రకటించేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు అనిరుధ్. ఆమె చెప్పలేదు. ఆ రోజుల్లోనే ఓ సాయంత్రం భాగ్యరేఖ జామకాయ ముక్కలు కోసి తెచ్చి, "మన జట్టులో ఇంకా మనుషుల్ని తీసుకుంటన్నారట. క్యాంప్ 2 బస్తీలో నా స్నేహితురాలు హేమమాలిని లేదూ, స్కూల్లో పాఠాలు చెప్తాది. ఆ ఉద్యోగం మానేసి చేరమననా?" అని అడిగింది. కల్యాణి తెర వైపే చూస్తూ, "నీ ఇష్టం వదినా," అంది. హేమమాలిని స్కూలు మానేసి చేరింది.

"కల్యాణీ, నా కంప్యూటరేటో లాకైపోయింది. కాస్త చూడవా?"

ఆ పొద్దున్న భాగ్యరేఖ గొంతులో మామూలు విసుగే ఉంది. కల్యాణి లేవలేదు. చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"నిన్నేనే. మళ్ళీ ఫోన్లు మొదలైపోతాయి."

అప్పుడే భాగ్యరేఖ ఫోన్‌కు మెయిల్ వచ్చింది. చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. తర్వాత ఆడపడుచు వైపు చూసింది. కల్యాణి ముఖం చూశాక అడగాల్సిన పని లేకపోయింది.

భాగ్యరేఖ కంపెనీ నంబరుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. ఎవరిదో నున్నటి ఆడగొంతు పలికింది. "కంగారు పడకండి భయ్యా, ముందు కాసిన్ని మంచినీళ్ళు తాగండి, ఇద్దరం కలిసి చూద్దాం."

వంటింట్లోంచి వచ్చిన సత్యవాణి గుమ్మంలో నిలబడిపోయింది. "అదేటి, భాగ్యం మాటలు ఇంకెవరో అంటన్నారు?"

"నేనే నేర్పానత్తయ్యా," అంది భాగ్యరేఖ. "నా ఉద్యోగం తీసుకున్నది ఆ యంత్రమే. కల్యాణికి ముందే తెలుసు."

"నేను సంతకం పెట్టకపోతే ఇంకొకరు పెట్టేవారు వదినా," అంది కల్యాణి. తన గొంతు తనకే ఆఫీసు మీటింగులో మాట్లాడినట్టు వినిపించింది. "ముందు చెప్పకూడదని రూలు. చెప్తే నా ఉద్యోగం..."

మాటలకు లేచి వచ్చిన రాజాబాబు చెల్లెల్ని చూశాడు. "రోజూ పక్కపక్కనే కూర్చుని తిన్నారు కదే. ఎలా తినగలిగావు?"

కల్యాణి చూపు తెర మీదికే తిప్పుకుంది.

"రూలు సరేనే," అంది భాగ్యరేఖ నెమ్మదిగా. "నాకు చెప్పొద్దు. కానీ హేమ గురించి అడిగినప్పుడు వద్దు వదినా అంటే చాలు కదా? ఎందుకని కూడా అడిగేదాన్ని కాదు. నువ్వు చెప్పావంటే వినేదాన్ని."

"నేనూ మానేస్తాను వదినా."

"నువ్వు మానేస్తే నా కోపం తగ్గుద్దనా?"

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. సత్యవాణి కూతురి ఎదురుగా కూర్చుంది. "కోడలు ఉద్యోగమేటని సణిగినదాన్ని నేనే. కానీ ఆ బల్ల దగ్గర కూకుంటే దాని మొహం ఎలాగుండేదో నాకు కనబడేది. ఎదురుగా ఉన్నదానివి, నీకు కనబడలేదేటి?"

కల్యాణికి కనబడింది. అది చూడకుండా ఉండటానికే ఇన్నాళ్ళూ తెర వైపు తిరిగి కూర్చుందని ఆ క్షణంలో తెలిసింది.

మధ్యాహ్నం అనిరుధ్‌కు ఫోన్ చేసింది. అతను విసుక్కోలేదు. "మీ వాళ్ళు ఆ జట్టులో ఉన్నారని నాకు ముందే చెప్పాల్సింది కల్యాణీ. మీ వదినగారికి వేరే జట్టులో ఒక చోటు ఉంచుతాను, నీ కోసం," అన్నాడు. ఆమె వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఆ మాట చెప్పింది.

భాగ్యరేఖ పప్పు కడుగుతూనే అంది, "వద్దు. మిగతావాళ్ళకి చోటు ఇప్పించడానికి వాళ్ళ ఇళ్ళలో కంపెనీ ఆడపడుచులు లేరు కదా."

పప్పు పొయ్యి మీద పెట్టి మళ్ళీ తనే అంది. "హేమకి కూడా ఆ మెయిల్ వచ్చే ఉంటాది. ఏ మొహంతో వెళ్ళాలి?"

"నేను చెప్తాను వదినా. నువ్వు పక్కన ఉంటే చాలు."

సాయంత్రం స్కూటీ మీద ఇద్దరూ క్యాంప్ 2 వెళ్ళారు. ఇరుకు సందులో హేమమాలిని ఇల్లు. ఆమె గుమ్మంలోనే కూర్చుని బియ్యం ఏరుతోంది. వీళ్ళను చూసి లేచి, లోపల కుర్చీలు దులిపింది. కల్యాణి కూర్చోలేదు. నిలబడే చెప్పింది. తనకు ముందే తెలుసని, వదిన అడిగినప్పుడు వద్దనాల్సిందని, అనలేదని.

హేమమాలిని విని, మళ్ళీ చేట అందుకుని బియ్యం అటూ ఇటూ జరిపింది.

"మెయిల్ రాగానే స్కూలుకి వెళ్ళొచ్చాను దీదీ. నా చోట కొత్త టీచర్ని పెట్టేసుకున్నారు. పిల్లలు కిటికీలోంచి చెయ్యి ఊపారు." "మెయిల్లో మనమంతా ఒక కుటుంబం అని రాశారు. చదివితే నవ్వొచ్చింది. కంపెనీ నుంచి ఎవరూ ఫోన్ కూడా చెయ్యలేదు. మీరే వచ్చారు."

తిట్టి ఉంటే బాగుండునని కల్యాణికి అనిపించింది. ఆమె తిట్టలేదు. చాయ్ పెట్టి ఇచ్చింది. "స్కూళ్ళేవైనా ఉంటే నేనూ అడుగుతాను," అని కల్యాణి అనబోయింది. చేతనైనా కాకపోయినా మాట ఇచ్చే అలవాటు కూడా ఆఫీసుదే అనిపించి, చాయ్ తాగి గ్లాసు కింద పెట్టింది.

తిరుగుదారిలో రైల్వే గేటు పడింది. ఖనిజం నింపుకున్న గూడ్సు బండి నెమ్మదిగా సాగుతోంది. స్కూటీ ఆపి కల్యాణి కాళ్ళు నేలకు ఆనించింది. వెనక నుంచి భాగ్యరేఖ గొంతు వినిపించింది.

"నువ్వు ఆ రోజే చెప్పుంటే నేను కోప్పడేదాన్ని కాదే. ఏడ్చేదాన్ని. నీ దగ్గరే కూర్చుని ఏడ్చేదాన్ని. ఆయన ముందు ఏడిస్తే కంగారుపడతారు. అత్తయ్య ముందు ఏడవలేను. ఈ ఇంట్లో నాకు ఏడవడానికి ఉన్నది నువ్వొక్కదానివే. పొద్దున్నుంచీ ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలీలేదు నాకు."

కల్యాణి వెనక్కి తిరగలేకపోయింది. "తప్పయిపోయింది వదినా," అంది. ఆ మాట ఎంత చిన్నదో అంటుంటేనే తెలిసింది. కళ్ళ ముందు గూడ్సు పెట్టెలు మసకబారాయి.

భాగ్యరేఖ సరేననలేదు, పర్వాలేదనలేదు. కాసేపటికి ఆమె నుదురు కల్యాణి వీపుకు ఆనింది. భుజాలు కదలడం తెలుస్తోంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఏడుపు ఆగడం లేదు.

బండి వెళ్ళిపోయింది. గేటు లేచింది. వెనక ఆటోలు హారన్లు కొట్టసాగాయి. కల్యాణి ఇంజను స్టార్టు చేయలేదు. పక్క నుంచి వెళ్ళమని వాళ్ళకు చెయ్యి ఊపి, వదిన తలెత్తేదాకా అలాగే కదలకుండా కూర్చుంది.