గుడ్డ కింద ఇచ్చిన మాట

పడమట బోడికొండల వరుస, తూర్పున కాకులు దూరని కారడవి, ఆ రెంటి నడుమ పడుకొన్న ఏనుగుల్లాంటి నల్లని బండల మీద మూడు చుట్ల రాతికోట. దాని బురుజుల మీద వరాహధ్వజాలు, కోటవాకిళ్ళయిన గవినుల ముందు బల్లెపు కావలి, నగరు నడిబొడ్డున ఇంకా కప్పు పడని విజయమంటపం, దాని చుట్టూ వెదురు పరంజాలు, తెల్లవారింది మొదలు పొద్దుగుంకేదాకా ఆగని ఉలుల చప్పుడు. కార్తీక మాసపు ఎండలో చూచినవాడెవడైనా నల్లగుండ్ల దుర్గం వంటి రాజధాని దక్షిణాపథాన మరొకటి లేదనే అనుకొనేవాడు. ఏ విజయానికి ఆ మంటపమని మాత్రం అడగకండి. విజయం తరువాత వస్తుందిలే, ముందు మంటపం ఉండనీ అన్నట్టుండేది అక్కడి వ్యవహారం.

అంత నగరంలో చప్పుడు లేనిది ఒక్క అంగడివీధిలోనే. ఒకప్పుడు పెరికల బిడారులు దిగితే కాలు పెట్టడానికి చోటుండేది కాదు. పెరికలంటే ఎద్దుల వీపున జంటగోతాలు వేసి దేశదేశాల ధాన్యం తిప్పే వర్తకులు. ఇప్పుడు వాళ్ళు గోతాలు దించే అరుగుల మీద కుక్కలు కునుకు తీస్తున్నాయి. ఎందుకు రారో చెబుతాను, వినండి. ఉప్పు తెచ్చినవాడికి ఉప్పు సుంకం, దాన్ని మోసిన ఎద్దుకు గిట్టల సుంకం, ఆ ఎద్దు తాగిన నీళ్ళకు తొట్టి సుంకం, ఇవన్నీ కట్టినట్టు ముద్ర వేసినందుకు మళ్ళీ ముద్ర సుంకం. ఇంత కట్టి లోపలికి వస్తే, నీ జొన్నలు ఏ ధరకు అమ్మాలో దండోరా వాడు చెబుతాడు. ఇక ఎవడొస్తాడు, నా తలకాయ?

ఇదంతా చేసినవాడు మహాప్రధాని కేసన మంత్రి. కథల్లో మంత్రులు దొంగలుగా ఉంటే చెప్పేవాడికి సులువు. కేసన దొంగ కాడు, అదే వచ్చిన చిక్కు. ఒంటిపూట భోజనం, చిరుగుపడేదాకా ఒకే పంచె, రాజ్యానిది గవ్వ కూడా ముట్టని చేయి. ఆయన పసితనాన పెద్ద కరవు వచ్చింది. తల్లి ఇంట మిగిలిన ఇత్తడిబిందె అంగడికి తీసుకుపోతే, దానికి వచ్చే గింజలు దోసెడు కూడా నిండవన్నాడు వర్తకుడు. ఆ కాసిని గింజలు ఇంటికి చేరేసరికి చెల్లెలు ప్రాణంతో లేదు. ఆనాటి నుంచి వర్తకుడి నీడను కూడా ఆయన ఓర్చలేడు. ధర రాజు చెప్పాలి, పని రాజు చూపాలి, అప్పుడు బీదవాడికి దిగులుండదని ఆయన నమ్మకం. అందుకే ఆ మంటపం. కూలీలకు కూడు దొరకాలని రాళ్ళు కొట్టించాడు. ఆ కూడు కోసం రాజుగారి ధాన్యపు కొట్లు ఖాళీ చేశాడు, కొట్లు నింపడానికి సుంకాలు పెంచాడు, సుంకాలకు జడిసి బిడారులు రావడం మానుకున్నాయి.

అన్నిటికంటే ఆయనకు కిట్టనిది గుడ్డబేరం. పెరికలు ధర నోటితో చెప్పరు. కొనేవాడి చేతి మీద, అమ్మేవాడి చేతి మీద ఒకే ఉత్తరీయం కప్పి, దాని కింద వేళ్ళు పట్టి, నొక్కి, బేరం తెంపుకుంటారు. ఒకడి అవసరం పక్కవాడికి తెలియకూడదని ఆ ఆచారం. ఒకసారి గుడ్డ కింద చేయి పట్టాక ఆకాశం విరిగిపడినా మాట మారదు. కేసన దాన్ని చీకటిబేరమని పేరుపెట్టి నిషేధించాడు.

ఇటువంటి వేళ పడమటి శత్రువుల దండు ఏరు దాటి కోట మీదికి వస్తోందని వార్త వచ్చింది.

దండనాయకుడు కాచమ నాయకుడు అప్పటికే ముసలివాడు. మోకాళ్ళ నొప్పి, పాత గాయాల సలుపు, దానికి తోడు నలుగురు రాజుల కొలువు చూచిన అలసట. యువరాజుగా ఉన్నప్పుడు తన భుజాల మీద ఆడుకొన్న సూరపరాజు ఇప్పుడు సింహాసనం మీద కూర్చుని, మంత్రి వైపు చూడనిదే నోరు విప్పడు. నాయకుడు కొలువులో నిలిచి ఇట్లా విన్నవించుకున్నాడు.

"ప్రభూ, చిత్తగించవలెను. గోడలు గట్టివి, మనుషులు గట్టివారు. ధాన్యపు కొట్లలో మాత్రము ఎలుకలకు సైతము చాలినంత లేదు. శత్రువు కొండల కీవల పడమటి మైదానమున దిగును, తూర్పు అడవిని చుట్టుముట్టుట వానికి శక్యము గాదు. ఆ అడవి లోని కనుమ దారిని పెరికలెరుగుదురు. అడవి కావల బొప్పసెట్టి బిడారు విడిసి యున్నది. సుంకము లెత్తివేసి, వారి సరకు వారి ఇష్టము వచ్చినట్లు అమ్ముకొననిండు. నేను పోయి పిలుచుకొని వత్తును."

ఆకలిని ఆసరా చేసుకొని దోచుకొనేవాళ్ళకు తలుపులు తెరవమంటున్నావా అని కేసన నిలదీశాడు. దోచుకొనేందుకైనా ముందు గింజలు కోటలోకి రావాలి కదా స్వామీ అన్నాడు నాయకుడు. చాలాసేపు నలిగిన మీదట రాజు సరే అన్నాడు, మంత్రి ముఖం తిప్పుకున్నాడు.

నాయకుడు అడవి దాటి పోయి కలిసిన బొప్పసెట్టి నడివయసువాడు, మాట తక్కువ, చూపు ఎక్కువ. పడమటి దండు కూడా ధాన్యానికి కబురు పెట్టిందని దాచకుండా చెప్పాడు. వాళ్ళు ధర బాగానే ఇస్తారట, కానీ యుద్ధం పొడవైతే ఎద్దులను కూడా ఉంచేసుకుంటారని ఆయన భయం. మీ కోటలో మాత్రం నా గోతాలకు ముద్ర వేసి స్వాధీనం చేసుకోరని నమ్మకమేమిటని అడిగాడు. నాయకుడు తన మాటే నమ్మకమన్నాడు. అయితే చేయి ఇలా ఇవ్వండి అని సెట్టి ఉత్తరీయం తీశాడు. ఏ వేలు పడితే ఏమిటో నాయకుడికి తెలియదు, ఆయన జన్మలో బేరమాడి ఎరుగడు. సెట్టి ఆయన అరచేతిని మొత్తంగా పట్టుకున్నాడు. ముట్టడి తొలగేదాకా సుంకం లేదు, ముద్ర లేదు, ధర చాటింపు లేదు. అంతే ఒప్పందం.

బిడారు తూర్పు గవిని దాటి వచ్చిన పొద్దు నగరం పండుగ చేసుకుంది, ధర విన్నాక తిట్టుకుంది. దండోరా ధరకు మూడింతలు. సెట్లకు శాపనార్థాలు పెట్టనివాడు లేడు. అయినా ఆ మూడింతల ధర సంగతి అడవి దాటి పోయింది. విన్న చిన్నాచితకా బిడారులన్నీ, అక్కడ గిట్టుబాటుందట పదండర్రా అని తూర్పు దారి పట్టాయి. రెండో బిడారు రాగానే ధర కాస్త దిగింది. మూడోది వస్తే ఇంకా దిగేదే.

ఆగలేకపోయాడు కేసన. అంగడివీధిలో ఒక సాలె విధవరాలు ఖాళీ చాటతో వెనుదిరగడం కంటబడింది. తన తల్లే కనిపించిందేమో పాపం, ఆ మాట నేనూ కాదనను. నేరుగా రాజు దగ్గరికి పోయి ఆజ్ఞ రాయించాడు. సుంకరులు వచ్చి గోతాలన్నిటికీ ముద్రలు వేశారు, పాత ధరకే అమ్మాలని దండోరా మోగింది. అదే పొద్దున కాచమ నాయకుడు పడమటి బురుజు మీద నిచ్చెనలు నరికిస్తూ రక్తపు చేతులతో ఉన్నాడు. కబురు విని పరుగున వచ్చేసరికి గోతాలు చేతులు మారిపోయాయి. ఒప్పందానికి కప్పిన ఉత్తరీయాన్ని బొప్పసెట్టి నాయకుడి ఎదుటనే నిలువునా చింపాడు.

"మీరు ఇచ్చిన మాట మీరు తప్పలేదని నాకు తెలుసు నాయకా. కానీ నేను పట్టుకున్నది మీ చేయి, రాజుగారిది కాదు. కత్తి లేక, తలపాగ లేక, ఒంటరిగా మీరు మా బిడారుకు వచ్చి నిలబడిన నాడు మళ్ళీ బేరం. మా కులకట్టు అది. అందాకా ఈ గవినిలోకి పెరికెద్దు రాదు."

వాళ్ళు ఖాళీ ఎద్దులను తోలుకొని పోయారు. దారిలో ఎదురైన బిడారులన్నీ సంగతి విని అక్కడికక్కడే మళ్ళిపోయాయి. తూర్పు గవిని బార్లా తెరిచే ఉంది, లోపలికి మాత్రం పిట్ట రాలేదు. శత్రువుకు చేతకాని ముట్టడిని మనవాళ్ళే పూర్తి చేశారు.

చవకధర ధాన్యం ఎక్కడికి పోయిందో చెప్పాలా? ముందు కొలువులో పలుకుబడి ఉన్నవాళ్ళ ఇళ్ళకు, ఆ తరువాత సుంకరుల బంధువుల ఇళ్ళకు పోయింది. సాలె విధవరాలి చాటలో ఒక్క గింజ పడలేదు. మాఘం వచ్చేసరికి జనం చింతగింజలు వేయించుకొని, పొట్టు వలిచి, ఉడకేసుకొని తింటున్నారు. ఉలుల చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించనే లేదు.

నాయకుడు సెట్టి దగ్గరికి పోతానని రాజును అడిగాడు. దండనాయకుడు బోడితలతో వర్తకుడి ముందు నిలబడితే సింహాసనానికి పరువేముంటుందని రాజు కాదన్నాడు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ కాదన్నాడు. ఎదురాడడం నాయకుడు ఎరుగడు. పగలంతా గోడ మీద కాపలా కాస్తూ, కుడిచేతిని చూచుకొంటూ కూర్చొనేవాడు. ఆ చేతితో ఎందరినో నరికాడు, ఎన్నడూ సిగ్గుపడలేదు. ఇప్పుడు దాన్ని చూస్తేనే సిగ్గుగా ఉంది.

చివరికి కేసన మంత్రే బురుజెక్కి వచ్చాడు. ఆయన మనిషి సగమయ్యాడు. తన ఒంటిపూట కూడు కూడా ఎవరికో పెట్టేస్తున్నాడని తెలిసినవాళ్ళు చెప్పుకొనేవారు.

"నాయకా, ధర తక్కువయితే బీదవాడికి అందుతుందనుకొంటిని. ధర మిగిలినది, ధాన్యము మిగలలేదు. ప్రభువును ఒప్పించితిని, ఆజ్ఞ ఎత్తివేసితిని. ఇక నీవు పోయి రమ్ము."

"ఆలస్యము చేసితిరి స్వామీ. కనుమలో మూడు దినములుగా పొగ కనబడుచున్నది. శత్రువుల వేగులవారు దారి కనుగొనిరి."

"అయినచో కత్తి పట్టుకొని పొమ్ము. పదిమందిని వెంట తీసుకొనుము."

"కత్తితో పోయిన యెడల అది యుద్ధమగును గాని మాట దిద్దుకొనుట కాదు. వారు ధాన్యమీయరు."

నాయకుడు తలపాగ తీసి మంత్రి చేతిలో పెట్టాడు, కత్తి గోడకు ఆనించాడు. పట్టపగలు, అందరూ చూస్తుండగా, మోకాళ్ళు పట్టుకొని మెల్లగా తూర్పు మెట్లు దిగాడు.

కనుమ నడిమధ్యలో వేగులవాళ్ళు ఎదురయ్యారు. ఎవడివిరా ముసలాడా అని అడిగారు. కాచమ నాయకుడినని ఒక్క మాట చెబితే ప్రాణంతో పట్టుకొని, విడిపించే సొమ్ము కోసం ఆయనను భద్రంగా ఉంచేవారే. అప్పుడు ఆయన చేరేది శత్రువు గుడారానికి, సెట్టి బిడారుకు కాదు. పెరికల దగ్గరికి పోతున్నానని మాత్రమే చెప్పి నడక సాగించాడు. ఎవడో వెనుక నుంచి బల్లెం విసిరాడు. ఆ రాజ్యంలో అంతటి వీరుడు లేడు, ఆయనకు వీరుడి చావు మాత్రం దక్కలేదు. నాకిప్పటికీ కడుపు మండుతుంది.

మరునాడు బొప్పసెట్టి మనుషులు ఎద్దులను మేపుకొంటూ వచ్చి ఆయనను చూశారు. బోడితల, వట్టి చేతులు, ముఖం బిడారు వైపు. సెట్టి ఒక్కడే చాలాసేపు పక్కన కూర్చున్నాడు. తరువాత బిడారునంతా లేపాడు. ఆయుధాలు పట్టిన వందలాది పెరికలను చూసి వేగులవాళ్ళు అడవిలోకి పారిపోయారు. గోతాలతో ఎద్దులు తూర్పు గవిని దాటాయి, అందరికంటే ముందు నాయకుడి దేహాన్ని మోసిన ఎద్దు. కేసన మంత్రి ఎదురొచ్చి, ధర నీ ఇష్టం సెట్టీ అన్నాడు.

"ఆయన మా దగ్గరికి వచ్చినట్టే లెక్క స్వామీ" అన్నాడు సెట్టి. "మాట చెల్లింది. గింజలు దించుకోండి."

ఆ పంట కాలమంతా బిడారులు వచ్చాయి. ధర ఎక్కింది, దిగింది, తన దారిన తాను కుదుటపడింది. మైదానంలో ఆకలికి తాళలేక పడమటి దండే గుడారాలు పీక్కొని పోయింది. నల్లగుండ్ల దుర్గం నిలిచింది.

సూరపరాజు చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. కాచమ నాయకుడి పేర, విజయమంటపం కంటే పెద్దదిగా ఒక వీరమంటపం కట్టించాలని ఆజ్ఞాపించాడు. వద్దు ప్రభూ, ఆ తూర్పు గవినిని సుంకం లేకుండా అలాగే వదిలేయండి, అంతకంటే ఆయనకు గుడి అక్కరలేదని కేసన కాళ్ళ మీద పడ్డాడు. బీదలకు పని చూపమని నేర్పినది మీరే కదా అన్నాడు రాజు. ఆ సాయంత్రమే మంత్రి ముద్రిక అప్పగించి ఇంటికి పోయాడు.

మరుసటి కార్తీకంలో బొప్పసెట్టి బిడారు జొన్నలతో, ఉప్పుతో వచ్చింది. గవినిలో కొత్త సుంకరి బల్ల వేసుకొని కూర్చున్నాడు. ఇదేమి సుంకమని సెట్టి అడిగాడు. కాచమ నాయకుల వారి మంటపానికి, గోతానికింతని పెట్టారు, పుణ్యకార్యం కదా, కాదనకండి అన్నాడు సుంకరి వినయంగా. ఆ సుంకం కట్టినా సెట్టికి గిట్టుబాటయ్యేదే, ఆ మాట వెంట ఉన్నవాళ్ళు కూడా అన్నారు. అయినా ముందున్న ఎద్దు ముకుతాడు పట్టుకొని ఆయన బిడారును వెనక్కి తిప్పాడు.